మంచాన పడ్డ దోస్తు కోసం పది కిలోమీటర్లు: పరుగు పెట్టి పైసలు పోగుచేయడం ఎలా

"ఇక మందులతో నయం కాదు, ఉన్నన్ని రోజులు నొప్పి లేకుండా చూసుకోండి" అని డాక్టర్ చెప్పాక ఆ ఇంటికి డబ్బు అవసరం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు, పెరుగుతుంది. ఆపరేషన్ ఉందంటే నలుగురూ చందాలు వేస్తారు. ఆపరేషన్ లేదంటే "ఇంకేం చేస్తాం" అని నీరుగారిపోతారు. నా చిన్ననాటి దోస్తుకు పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకిందని తెలిసినప్పుడు మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో కూడా రెండు రోజులు దండం పెట్టే బొమ్మలు వచ్చి ఆగిపోయాయి. అప్పుడు మేము హనుమకొండలో పది కిలోమీటర్ల పరుగు పెట్టుకున్నాం. ఊరికే డబ్బు అడగడం కష్టం. "ఫలానా ఆదివారం అతని కోసం పరుగెత్తుతున్నా, నా వెనక నిలబడతారా" అని అడగడం కొంచెం తేలిక. మీ దోస్తు కోసం మీరూ ఇలాంటిది చేయాలనుకుంటే, మేము చేసిన వరుసలోనే చెప్తాను, మేము తప్పు చేసిన చోట్లతో సహా.

ముందు అతన్నే అడగండి

డబ్బు, బూట్లు, గ్రౌండు అన్నీ తర్వాత. మొదట అతని ఇంటికి వెళ్లి, అతని భార్యో అమ్మో పక్కన ఉండగా కూర్చుని అడగండి. నీ పేరు మీద ఇలా చేయడం నీకు ఇష్టమేనా? జబ్బు గురించి ఎంతవరకు చెప్పమంటావు? ఏ ఫొటో పెట్టమంటావు? ఎవరెవరికి తెలియకూడదు?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన ఇళ్లలో రోగికి అసలు సంగతి చెప్పకుండా దాచడం మామూలే. ఇంట్లో అందరికీ తెలుసు, అతనికి మాత్రం "గ్యాస్ ప్రాబ్లం, తగ్గుతది" అని చెప్పి ఉంటారు. మీరు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ చుట్టూ తిరిగి సాయంత్రానికి అతని ఫోన్‌లోనే పడుతుంది. అందుకే అతనికి ఎంత తెలుసో ఇంటివాళ్లను విడిగా ముందే కనుక్కోండి. తెలియకపోతే "చివరి దశ" అన్న మాట మెసేజ్‌లో రాయొద్దు. "పెద్ద జబ్బు, ఇంటి దగ్గర చూసుకోవడానికి ఖర్చులు" అంటే చాలు, అందులో అబద్ధమేమీ లేదు.

ఫొటో విషయంలో మేము తొందరపడ్డాం. ముక్కుకు ట్యూబు పెట్టి ఆసుపత్రి మంచం మీద ఉన్న ఫొటో అయితే జనం కరుగుతారని ఒకరన్నారు. ఆ ఫొటో చూపించగానే మా దోస్తు ముఖం తిప్పేసుకున్నాడు. చాలాసేపటికి బీరువాలోంచి పాత ఆల్బం తెప్పించి, తొమ్మిదో తరగతిలో కబడ్డీ కప్పు పట్టుకుని మోకాళ్లకు మట్టితో నిలబడ్డ ఫొటో తీసి ఇచ్చాడు. "ఇది పెట్టుండ్రి" అన్నాడు. అదే పెట్టాం. మా బ్యాచ్‌లో పదిహేనేళ్లుగా పలకనివాళ్లు కూడా ఆ ఫొటో చూసే ఫోన్ చేశారు.

తేదీ దగ్గరగా పెట్టుకోండి

నేను చేసిన పెద్ద పొరపాటు ఇదే. హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్ల పైన పరుగెత్తాలని, దానికి సిద్ధం కావడానికి మూడు నెలల తర్వాతి తేదీ అనుకున్నాను. వాళ్ల ఇంట్లో చెప్తే మా వదినె, అంటే దోస్తు భార్య, గ్లాసు కింద పెట్టి, "అన్నా, అంతదూరం ఎందుకే" అంది. ఆమె కిలోమీటర్ల గురించి అనలేదని నాకు బయటికొచ్చి బండి స్టార్ట్ చేసేటప్పుడు అర్థమైంది. ఆ రాత్రే దూరం పదికి తగ్గించి, తేదీ ఐదు వారాల్లోకి మార్చాం.

మీరు ఎంత దూరం పరుగెత్తగలరో చూసి తేదీ పెట్టకండి. అతను కుర్చీలో కూర్చోగలిగే రోజుల్లో తేదీ పెట్టి, ఆ లోపు మీ కాళ్లు ఎంత మోయగలిగితే అంత దూరం పెట్టుకోండి. ఐదు కిలోమీటర్లైనా సరే. చందా ఇచ్చేవాళ్లెవరూ దూరం కొలిచి ఇవ్వరు.

నెల కూడా చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర పొద్దున చల్లగా ఉంటుంది, పత్తి, వడ్లు అమ్మిన పైసలు ఊళ్లలో నాలుగు చేతుల్లో ఆడుతుంటాయి. మాఘమాసంలో సమ్మక్క-సారలమ్మ జాతర వచ్చే ఏడాదైతే ఆ వారం వదిలేయండి. ఊరు ఊరంతా మేడారం దారిలోనే ఉంటుంది, పోలీసులూ అక్కడే ఉంటారు. ఏప్రిల్, మే తప్పనిసరైతే తెల్లవారుజామునే ఐదున్నరకు మొదలుపెట్టి ఏడులోపు ముగించాలి, దూరం సగానికి తగ్గించాలి.

ఎక్కడ పరుగెత్తాలి

మొదట మాకు తట్టింది కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా మీదుగా ఖిలా వరంగల్ దాకా. కాకతీయ తోరణం ముందు ముగిస్తే ఫొటో అద్భుతంగా వస్తుంది, నిజమే. కానీ రోడ్డు మీద గుంపుగా పరుగు అంటే ట్రాఫిక్ పోలీసుల అనుమతి కావాలి, వాలంటీర్లు కావాలి, కూడలి కూడలికి మనిషి కావాలి. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి: మీ దోస్తు మిమ్మల్ని రెండే సార్లు చూస్తాడు, బయల్దేరేటప్పుడు ఒకసారి, వచ్చాక ఒకసారి.

అందుకే గుండ్రంగా తిరిగే చోటు వెతకండి. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది, 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి. ట్రాక్ లోపలి లేన్ ఒక చుట్టు 400 మీటర్లు. 25 చుట్లు తిరిగితే పది కిలోమీటర్లు. అంటే నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి ముందు నుంచి మీరు 25 సార్లు వెళ్తారు. ప్రతి రెండు మూడు నిమిషాలకు ఒకసారి అతను చెయ్యి ఎత్తవచ్చు, తిట్టవచ్చు, నీళ్లు ఇవ్వవచ్చు. అలిసిపోతే మధ్యలో ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు, పరుగు ఆగదు.

స్టేడియం వాడుకోవడానికి క్రీడల శాఖ ఆఫీసులో ముందుగా దరఖాస్తు ఇచ్చి అనుమతి తీసుకోండి, రోజూ ప్రాక్టీసు చేసే పిల్లలకు అడ్డం కాని సమయం అడగండి. దొరకకపోతే కాలేజీ గ్రౌండు, స్కూలు గ్రౌండు ఏదైనా పర్వాలేదు. ఫోన్‌లో కొలిచి ఎన్ని చుట్లో లెక్క కట్టుకోండి. అందరినీ లోపలి లేన్‌లోనే ఉంచాలి. ఎనిమిదో లేన్‌లో ఒక చుట్టు 450 మీటర్లు దాటుతుంది, తెలియకుండానే కిలోమీటరు పైన ఎక్కువ తిరుగుతారు.

ఎంత కావాలి, దేనికి కావాలి

"ఎంతైనా సరే" అని అడిగితే ఎవరూ ఇవ్వరు. కాగితం మీద రాయండి. మా కాగితంలో ఉన్నవి ఇవి: ఆసుపత్రి మంచం, పుండ్లు పడకుండా గాలి పరుపు కిరాయికి, పెద్దవాళ్ల డైపర్లు, వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చే నర్సమ్మ, హైదరాబాద్ పోయిరావడానికి కారు కిరాయి, పాప స్కూలు ఫీజు.

కారు కిరాయి ఎందుకని అడిగేవాళ్లుంటారు, వాళ్లకు చెప్పాలి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్ర మంచి మందు, అంత ఖరీదు కూడా కాదు. కానీ అది మత్తుమందుల చట్టం కిందికి వస్తుంది కాబట్టి ప్రతి మెడికల్ షాపులో దొరకదు. 2014లో ఆ చట్టాన్ని సవరించి కొంత సులువు చేసినా, అనుమతి ఉన్న చోటి నుంచే తెచ్చుకోవాలి. మేము హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లం, అక్కడ పాలియేటివ్ కేర్ అని నొప్పి తగ్గించడానికే ఒక విభాగం ఉంది. మాత్రల కంటే దారి ఖర్చే ఎక్కువ. కూర్చోలేని మనిషిని బస్సులో దాదాపు 150 కిలోమీటర్లు తీసుకెళ్లలేం. మీ జిల్లా ఆసుపత్రిలోనూ పాలియేటివ్ కేర్ ఉందేమో ముందు కనుక్కోండి, ఉంటే ఈ ఖర్చంతా మిగులుతుంది.

చందా అడిగే ముందే ప్రభుత్వం నుంచి వచ్చేది చూడండి. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఇప్పటికే కట్టిన ఆసుపత్రి బిల్లులుంటే ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒరిజినల్ బిల్లులు పారేయొద్దని ఇంటివాళ్లకు మొదటి రోజే చెప్పండి. "ఆరోగ్యశ్రీ లేదా?" అని పదిమంది అడుగుతారు, మీ దగ్గర జవాబు ఉండాలి.

డబ్బు ఎవరి ఖాతాలోకి

మొదటి రెండు రోజులు డబ్బు నా ఖాతాలోకి వచ్చింది. మూడో రోజు ఒక క్లాస్‌మేట్ గ్రూపులో "లెక్క పెట్టు భాయ్" అన్నాడు. నాకు కోపం వచ్చింది, కానీ అతను అడిగింది న్యాయం. మీ ఖాతాలోకి తీసుకోకండి.

రోగి ఒక్కడి పేరు మీదున్న ఖాతా కూడా వద్దు. ఈ మాట అనడానికి నోరు రాదు గానీ చెప్పక తప్పదు. మనిషి పోగానే ఆ ఖాతా ఆగిపోతుంది. నామినీ పేరున్నా డెత్ సర్టిఫికెట్, ఫారాలు, బ్యాంకు చుట్టూ తిరగడం ఉంటుంది, సరిగ్గా డబ్బు కావాల్సిన ఆ పదకొండు రోజుల్లోనే చేతికి రాదు. భార్య పేరు మీదున్న ఖాతా, లేదా ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉన్న జాయింట్ ఖాతా మంచిది. ఒకేసారి చిన్న చిన్న మొత్తాలు వందల కొద్దీ వచ్చి పడతాయి కాబట్టి బ్రాంచికి వెళ్లి మేనేజర్‌కు సంగతి ముందే చెప్పి రండి.

ఇంటివాళ్లకు ఇంకో జాగ్రత్త చెప్పండి. "చందా పంపిస్తున్నా, పిన్ కొట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసం. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. దుఃఖంలో ఉన్న ఇంటికి ఇలాంటి ఫోన్లు కచ్చితంగా వస్తాయి.

80జీ రసీదు, అంటే పన్ను మినహాయింపుకు చూపే చందా రసీదు, ఇస్తారా అని ఉద్యోగస్తులు అడుగుతారు. ఒక మనిషికి నేరుగా ఇచ్చే సాయానికి ఆ రసీదు రాదు, గుర్తింపున్న సంస్థ ద్వారా ఇస్తేనే వస్తుంది. ఇది ముందే చెప్పేయండి. అలాగే బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన మొత్తం 50,000 దాటితే అది తీసుకున్నవాళ్ల ఆదాయంలో లెక్కకు వస్తుంది. మిగతా ఆదాయం తక్కువైతే పన్ను పడకపోవచ్చు. తెలిసిన ఆడిటర్‌తో ఒక పది నిమిషాలు మాట్లాడండి.

ఎలా అడగాలి

మెసేజ్ చిన్నగా ఉండాలి. అతనెవరు, మీరేం చేస్తున్నారు, ఎప్పుడు, దేనికి, ఎంత. మేము పంపింది దాదాపు ఇలా ఉంది: "మన బ్యాచ్ కబడ్డీ కెప్టెన్‌కు ఒంట్లో బాగా లేదు. ఇంటి దగ్గర చూసుకోవడానికి నాలుగు నెలల ఖర్చులు కావాలి. వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు స్టేడియంలో అతని కోసం 25 చుట్లు తిరుగుతున్నాం. చుట్టుకు 20 రూపాయల చొప్పున 500 ఇవ్వగలరా? వీలుంటే వచ్చి ఒక చుట్టు మాతో నడవండి."

చుట్టుకు ఇంత అనే లెక్క బాగా పనిచేసింది. 20 రూపాయలంటే ఎవరికీ భారం అనిపించదు, 25 చుట్లకు 500 అవుతుంది, నూరు మంది ఇస్తే 50,000. 1980లో కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడు క్యాన్సర్‌తో ఒక కాలు పోగొట్టుకుని, కృత్రిమ కాలుతో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. అతను అడిగింది దేశంలో మనిషికి ఒక్క డాలరు, అంటే అప్పటి జనాభాకు 2.4 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది ఫిబ్రవరికి ఆ మొత్తం జమయింది. చిన్న మొత్తం అడగడానికి సిగ్గుపడకండి.

డబ్బు పరుగుకు ముందే పంపమనండి. తర్వాత ఇస్తామన్నవాళ్లను మళ్లీ అడగడం ఇద్దరికీ ఇబ్బంది. గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, ఒక్కొక్కరికి ఫోన్ చేయండి. బతుకుదెరువుకు మస్కట్ పోయినవాళ్లకు శుక్రవారం, దుబాయ్ పోయినవాళ్లకు ఆదివారం చేయండి, వాళ్లకు సెలవు.

మెసేజ్‌లో ఫోన్ నంబరు మీదే ఉండాలి, ఇంటివాళ్లది వద్దు. మేము మొదట వదినె నంబరు పెట్టాం. మెసేజ్ ఎక్కడెక్కడికో ఫార్వర్డ్ అయింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆమెకు ఫోన్ చేసి "ఎన్ని రోజులంటున్నరమ్మా డాక్టర్లు?" అని అడిగారు. ఒక రాత్రి పదిన్నరకు కూడా. ఆ తప్పు నాది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధ.

రోజూ రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో లెక్క పెట్టండి. మాది ఒక మామూలు లాంగ్ నోట్‌బుక్. పేరు, మొత్తం, తేదీ రాసి పేజీ ఫొటో తీసి పెట్టేవాళ్లం. పేరు వద్దన్నవాళ్లకు "ఒక మిత్రుడు". స్టేడియం బయట చాయ్ బండి అతను ఇచ్చిన 51 రూపాయలూ, విదేశంలో ఉన్నతను పంపిన 10,000 ఒకే గీత కింద ఒకే అక్షరాల్లో ఉండాలి.

కాళ్లను సిద్ధం చేసుకోవడం

రోజూ అరగంట నడిచే అలవాటుంటే ఐదు వారాల్లో పది కిలోమీటర్లు నెమ్మదిగా పూర్తి చేయవచ్చు. అలవాటు లేకపోతే ఐదు కిలోమీటర్లు పెట్టుకోండి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నవాళ్లు మొదటి రోజుకు ముందే డాక్టర్‌కు చూపించుకోండి.

వారానికి నాలుగు రోజులు చాలు, రోజు విడిచి రోజు. మొదటి వారం రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మొత్తం మూడు కిలోమీటర్లు. వారంలో ఒక రోజు మాత్రం కొంచెం దూరం పెంచండి: నాలుగు, ఐదున్నర, ఏడు, ఎనిమిది. చివరి వారం తగ్గించండి. పక్కన ఉన్నవాళ్లతో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, మాట తెగుతుంటే నెమ్మదించండి. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా ఆగిపోండి, ఓర్చుకోవద్దు.

చీకట్లో వడ్డేపల్లి చెరువు వైపు గానీ, భద్రకాళి బండ్ వైపు గానీ వెళ్తే కుక్కల బెడద ఉంటుంది. ఒంటరిగా వెళ్లకండి. కుక్క వెంటపడితే పరుగు ఆపి నడవండి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి అదే రోజు ఇంజక్షన్‌కు వెళ్లాలి.

కొత్త బూట్లు పరుగు రోజు వేసుకోవద్దు, రెండు వారాల ముందే కొని అలవాటు చేయండి. ముందురోజు రాత్రి దావత్‌లు వద్దు. పొద్దున గంట ముందు రెండు అరటిపండ్లు చాలు.

ఆ రోజు

నీళ్లు, ఒక ప్యాకెట్‌కు లీటరు నీళ్లలో కలిపిన ఓఆర్ఎస్, ప్రథమ చికిత్స పెట్టె, ఒక కారు సిద్ధంగా ఉండాలి. 108కి ఎవరు ఫోన్ చేయాలో ముందే ఒకరికి అప్పగించండి. మీ దోస్తుకు చేతులున్న కుర్చీ, రెండు దిండ్లు, శాలువా, అతని మందుల సంచి, వాంతికి కవర్లు. నొప్పి మాత్ర సమయం చూసుకుని, అది పనిచేసే గంటలో అతన్ని తీసుకురండి.

చుట్లు లెక్కపెట్టే పని అతనికే ఇవ్వండి. మేము స్టీలు గిన్నెలో 25 చింతగింజలు పోసి ఒళ్లో పెట్టాం. నేను ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఒకటి తీసి కుర్చీ చేతి మీద వరుసగా పెట్టాడు. వేళ్లు సన్నబడి ఉంగరం జారిపోతుందని దారం చుట్టుకున్నాడు, గింజ తీసేటప్పుడు ఆ దారం కనిపించేది. పదిహేడో చుట్టుకు అతని తల వాలిపోయింది, పాప గిన్నె తన ఒళ్లోకి తీసుకుంది. ఇరవై మూడో చుట్టుకు మళ్లీ లేచి, "ఇంకా రెండే" అని అరిచాడు. గొంతు పెద్దగా రాలేదు, నాకు వినబడింది.

మైకు, దండలు, స్టేజీ, నాయకుల ఉపన్యాసాలు వద్దు. అతను అంతసేపు కూర్చోలేడు.

తర్వాత

సాయంత్రమే మొత్తం ఎంతో గ్రూపులో పెట్టండి, ఇచ్చిన ప్రతి ఒక్కరికీ విడిగా మెసేజ్ పంపండి. డబ్బు వచ్చిందని తెలియగానే పాత అప్పులవాళ్లు ఇంటికి వస్తారు. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అని మీ దోస్తుతోనే కాగితం మీద రాయించి ఉంచండి. మావాడు మొదటి గీతలో పాప ఫీజు రాశాడు, మంచం కిరాయి రెండోది. నెలకోసారి ఖర్చు లెక్క కూడా పెట్టండి. మిగిలితే ఏం చేయాలన్నదీ అప్పుడే అడిగి రాసుకోండి, తర్వాత అడగలేరు.

పరుగైన వారానికి జనం రావడం తగ్గిపోతుంది. ఇంటివాళ్లకు నిద్ర ఉండదు. బ్యాచ్‌లో ఏడుగురిని పట్టుకుని వారానికి ఒక రాత్రి చొప్పున పంచుకోండి. రాత్రి పదింటికి వెళ్లి తెల్లారి ఐదు దాకా పక్కన కూర్చోవాలి. నీళ్లు తాగించడం, పక్కకు తిప్పడం, మాత్ర వేసిన టైం గోడ మీది క్యాలెండర్‌లో రాయడం, అంతే పని. పొరుగు గదిలో వదినె ఆ ఏడు గంటలూ పడుకుంటుంది. నాకు మంగళవారం వచ్చింది. వెళ్లేటప్పుడు ఫ్లాస్కులో అల్లం చాయ్ తీసుకెళ్లండి, వాళ్ల వంటింట్లో గిన్నెలు కదపకండి, చప్పుడుకు ఆమె లేస్తుంది.